రిపోర్టు ఆమెది, స్వీట్లు మీవి

ఐవీఎఫ్ అనే మాట ఇప్పుడు మా దువ్వూరులో ఎవరికీ కొత్త కాదు. ప్రొద్దుటూరుకు పోయినా, కడపకు పోయినా బొద్దుగా నవ్వే పాప బొమ్మతో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు కనబడతాయి. పసుపు అమ్మిన డబ్బుతోనో, నగలు కుదువ పెట్టిన డబ్బుతోనో కర్నూలుకు, తిరుపతికి, హైదరాబాదుకు, బెంగళూరుకు పోయి చేయించుకున్నవాళ్ళు మా చుట్టుపక్కల ఊర్లలో ఉన్నారు. వాళ్ళను తప్పుబట్టడానికి ఇది రాయడం లేదు. ఆ వైద్యంతో ఒడి నిండినవాళ్ళను చూశాను, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకున్నాను.

నా తగవు వేరే చోట ఉంది. పిండాన్ని గర్భసంచిలో పెట్టి ఇంటికి పంపిన రోజు నుంచి స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం కనబడే రోజు దాకా సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఆ నాలుగు వారాల్లో తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆమెకు తప్ప అందరికీ తెలుస్తుంది. ఆస్పత్రి నుంచి ఫోన్ మొగుడికి వస్తుంది. మొగుడి నుంచి అత్తకు, అత్త నుంచి ఆడబిడ్డకు, అక్కడి నుంచి వీధికి పోతుంది. వంటింట్లోనో మంచం మీదో ఉన్న మనిషికి అందరి మొహాలూ చూసి అర్థం చేసుకోవడమే మిగులుతుంది. దీన్ని మనం ప్రేమ అంటున్నాం. నేను అనను.

ముందు ఆ నాలుగు వారాల లెక్క చెప్పుకుందాం. చాలామంది ఆడవాళ్ళకు ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

ఐదు రోజులు ల్యాబులో పెరిగిన పిండాన్ని లోపల పెడితే, ఆ రోజునే డాక్టర్లు రెండు వారాల ఐదు రోజుల గర్భంగా లెక్క కడతారు. మామూలుగా నెలసరి మొదటి రోజు నుంచి లెక్కబెట్టే పద్ధతికి సరిపోవడానికి అట్లా చేస్తారు. చాలా చోట్ల పద్నాలుగో రోజు రక్తం తీసి బీటా హెచ్‌సీజీ అనే పరీక్ష చేస్తారు. పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక విడుదలయ్యే హార్మోను అది. 5 లోపు ఉంటే లేదని అర్థం. 5 నుంచి 25 దాకా వస్తే అవుననీ కాదనీ చెప్పలేరు, మళ్ళీ చూడాల్సిందే. ఇక వంద వచ్చినా రెండు వందలు వచ్చినా ఒక్క అంకెతో కథ అయిపోదు. రెండు రోజులు ఆగి మళ్ళీ రక్తం తీస్తారు. బాగా సాగే గర్భాల్లో ఎక్కువ భాగం రెండు మూడు రోజులకు ఆ అంకె రెట్టింపు దరిదాపుల్లోకి వస్తుంది. నెమ్మదిగా పెరిగినా, ఉన్నచోటే నిలిచినా, తగ్గినా డాక్టరు జాగ్రత్త పడాలి. అంకె ఎంత అన్నదాని కంటే ఎట్లా పెరుగుతోంది అన్నది ముఖ్యం. రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించుకోమనేది కూడా అందుకే. ల్యాబు మారితే కొలత మారవచ్చు.

ఆ తర్వాత స్కానింగు. ఐదో వారంలో సంచి కనబడుతుంది, ఆరు దాటాక గుండె కొట్టుకోవడం కనబడుతుంది. అందరూ "హార్ట్ బీట్ వచ్చిందా" అనే అడుగుతారు. అంతకంటే ముందు తెలియాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. గర్భం గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా? "డాక్టరు సంచిలోనే కదా పెట్టింది, ట్యూబులోకి ఎట్లా పోతుంది" అని మా వైపు చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. పోతుంది. లోపల పెట్టిన పిండం అంటుకునే లోపు కదలగలదు. ఇంగ్లండులో స్టెప్టో, ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు ఈ వైద్యానికి దారి వేశారు. 1978 జూలై 25న పుట్టిన లూయీ బ్రౌన్ గురించి అందరికీ తెలుసు. 1976లో వాళ్ళు లోకానికి వెల్లడించిన గర్భం ట్యూబులో నిలిచిందనీ, దాన్ని తీసేయాల్సి వచ్చిందనీ ఎంతమందికి తెలుసు? ఈ ప్రమాదం ఆ వైద్యంతో పాటే మొదటి నుంచీ ఉంది. బోర్డు మీద పాప బొమ్మ పక్కన దాన్ని రాయరు, అంతే తేడా.

ఇప్పుడు మా బంధువుల్లో జరిగింది చెబుతాను. ఊరు, పేరు, ఆస్పత్రి ఏదీ చెప్పను.

ఆ అమ్మాయికి అప్పటికి ముప్పై నిండలేదు. పెళ్ళై ఏడేళ్ళు. రెండోసారి ఐవీఎఫ్. పద్నాలుగో రోజు రక్తం ఇచ్చి వచ్చినారు. సాయంత్రం రిపోర్టు మొగుడి ఫోనుకు వాట్సాప్‌లో వచ్చింది. వందకు పైన ఏదో అంకె, కింద "పాజిటివ్" అని ఒక్క మాట. రెండు రోజుల తర్వాత మళ్ళీ చూపించుకోవాలని చీటీలో ఉంది. చీటీ ఇంగ్లీషులో ఉంది. అప్పటికే వాళ్ళ అత్త కొబ్బరికాయ కొట్టి వీధి పొడుగునా చక్కెర పంచింది. ఏడేళ్ళు ఎదురుచూసిన మనిషి కాబట్టి ఆమె సంతోషాన్ని నేను వెక్కిరించను. కానీ రెండో పరీక్ష సంగతి వచ్చేసరికి "ఒకసారి ఉందని తేలినాక మళ్ళీ నెత్తురు తీయడం యాలమ్మీ, ఉన్న నెత్తురంతా వాళ్ళకే పోసొస్తావా" అనింది. మొగుడు మాట్లాడలేదు. అంత దూరం ప్రయాణం మంచిది కాదన్నారు. పోలేదు.

పది రోజులకు ఒక రాత్రి ఆ అమ్మాయికి కడుపులో ఒక పక్కన నొప్పి మొదలైంది. కొంచెం రక్తం కనబడింది. ఎవరికీ చెప్పలేదు. తర్వాత నేను అడిగితే ఆమె అన్న మాట ఇది: "ఎట్లా చెప్పేది పెద్దమ్మా, చక్కెర తిన్నోళ్ళందరికీ నేనేం జవాబు చెప్పేది?" తెల్లారేసరికి భుజం దాకా నొప్పి, కళ్ళు బైర్లు కమ్మినాయి. ప్రొద్దుటూరుకు, అక్కడి నుంచి కడపకు పరుగు. ట్యూబు పగిలి లోపల రక్తం నిండింది. ఆపరేషన్ చేసి ట్యూబు తీసేశారు. మనిషి దక్కింది.

రెండో పరీక్ష చేయించుకుని ఉంటే ట్యూబు తప్పకుండా మిగిలేదని నేను అనలేను. కానీ అంకె సరిగా పెరగలేదని తెలిసి ఉంటే డాక్టర్లు వెంటపడేవాళ్ళు. తొందరగా కనిపెడితే ట్యూబు గర్భాన్ని కొందరికి ఇంజెక్షన్‌తోనే కరిగించే వీలుంది. కనీసం ఆ రాత్రి ఆమె నొప్పిని దాచుకుని ఉండేది కాదు. ఆమె ప్రాణం మీదికి తెచ్చింది జబ్బు ఒక్కటే కాదు, ఆ చక్కెర కూడా.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అనే సామెత చెప్పి నవ్వుకునే మనమే, ఒక అంకె చూసి పేర్లు వెతకడం మొదలుపెడతాం. బయటికి తెలిసేదాకా వచ్చిన గర్భాల్లో కూడా నూటికి పది పదిహేను తొలి నెలల్లోనే పోతాయి. వాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోయేవే. ఆమె మెట్లు ఎక్కినందుకు కాదు, బిందె ఎత్తినందుకు కాదు, బొప్పాయి ముక్క తిన్నందుకు కాదు. వంశానికి వారసుడని వీధికి చాటినంత గట్టిగా, పోయినప్పుడు "ఇది ఆమె తప్పు కాదు" అని ఒక్కరైనా చాటుతారా? చాటరు. అప్పుడు అందరూ గొంతు తగ్గిస్తారు. "ఏం తినిందో, ఎక్కడ తొక్కిందో" అనే మాట మాత్రం గొంతు తగ్గించినా వినబడుతుంది.

ఇంక మంచం సంగతి. ట్రాన్స్‌ఫర్ అయిన రోజు నుంచి కాలు కింద పెట్టనీయకుండా పడుకోబెట్టే ఇళ్ళు ఎన్నో. పక్కకు తిరిగితే పిండం జారిపోతుందని భయపెడతారు. అది సీసాలో గోళీకాయ కాదు జారిపోవడానికి. అమెరికాలో సంతాన వైద్యుల సంఘం 2017లోనే ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం పట్టించడం వద్దని మార్గదర్శకాల్లో రాసింది. దానివల్ల మేలు లేదని పరిశోధనల్లో తేలింది కాబట్టే రాసింది. బరువులు మోయమని నేను అనడం లేదు. ఇంట్లో తిరగడం, స్నానం, చిన్న చిన్న పనులు, బస్సు ప్రయాణం, ఇవేవీ పిండాన్ని దించవు. ప్రత్యేకంగా కారణం ఉంటే ఆ మాట డాక్టరు చెబుతుంది. అయినా మనం ఎందుకు పడుకోబెడతాం? పడుకోబెడితే మనం ఏదో చేసినట్టు ఉంటుంది. రేపు పోతే "లేచింది కాబట్టి పోయింది" అనడానికి ఒక సాక్ష్యం కూడా దొరుకుతుంది.

"వాంతులు అవుతున్నాయా, రొమ్ములు నొప్పిగా ఉన్నాయా" అని రోజూ లక్షణాలు అడిగే వదినెలకు ఒక మాట. ఆమెకు ప్రొజెస్టెరాన్ ఇస్తున్నారు, ఇంజెక్షనో లోపల పెట్టుకునే మాత్రో. గర్భం ఉన్నా లేకపోయినా ఆ మందుకే రొమ్ములు నొప్పి పెడతాయి, పొట్ట ఉబ్బుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. అవి ఉంటే నిలిచినట్టూ కాదు, లేకపోతే పోయినట్టూ కాదు. మెడికల్ షాపు కిట్టు తెచ్చి ఆరో రోజే చూడమనేవాళ్ళకు ఇంకో మాట. కొందరికి అండాలు తీసే ముందు హెచ్‌సీజీ ఇంజెక్షనే ఇస్తారు. అది పది రోజుల పైన కూడా ఒంట్లో మిగిలి ఉండవచ్చు. అప్పుడు కిట్టు మీద గీత పడితే అది బిడ్డ గీత కాదు, మందు గీత. ముందే చూస్తే లేదని అబద్ధం కూడా చెప్పవచ్చు. అది చూసి మందులు ఆపేస్తే నిలవాల్సింది కూడా పోతుంది. చెప్పిన రోజు దాకా ఆగడం, చెప్పేదాకా మందు ఆపకపోవడం, ఈ రెండే ఆమె చేయగలిగినవి.

నేను చదివింది తెలుగు బి.ఏ., డాక్టరు చదువు కాదు. కానీ మాటల సంగతి కొంచెం తెలుసు. పిల్లలు కలగని ఆడదాన్ని మన భాష గొడ్రాలు అనింది. గొడ్డు అంటే పశువు అనే అర్థమూ ఉంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కూడా లోపం ఉంటుంది. అయినా వీధిలో అంత తేలిగ్గా మగవాడి మీద విసిరే మాట ఒక్కటి వినబడదు. ఆ మాట ఎక్కడ తగులుతుందో అన్న భయంతోనే ఈ అమ్మాయిలు నొప్పిని మింగుతున్నారు.

ఇంకొందరు "ఐవీఎఫ్ మనకు కొత్తా? భారతంలోనే ఉంది, గాంధారికి నేతి కుండల్లో నూర్గురు పుట్టలేదా" అని గర్వంగా చెబుతారు. సరే, ఆదిపర్వమే తీయండి. కుండల కంటే ముందు ఏముంది? రెండేళ్ళుగా కడుపుతో ఉన్న గాంధారి, తోటికోడలు కుంతికి కొడుకు పుట్టాడని విని తన కడుపును తానే బాదుకుంది. ఆ దెబ్బకు బయటపడ్డదే ఆ మాంసపు ముద్ద. కుండల గురించి చెప్పేవాళ్ళు ఆ దెబ్బ గురించి ఎందుకు చెప్పరు? ఒక రాణి చేత కూడా కడుపు బాదించినది ఈ పోలికే. ఈరోజుకీ ఫలానా వాళ్ళ కోడలికి మొదటిసారే నిలిచిందట అని ట్రాన్స్‌ఫర్ అయిన పిల్ల ముందర అనేవాళ్ళు, ఆ చెయ్యి పట్టుకుని బాదిస్తున్నవాళ్ళే.

ఇక ఆస్పత్రుల వంతు. ఇంట్లోవాళ్ళను అన్నంత మాట వాళ్ళనూ అనాలి.

2021లో పార్లమెంటు ఈ వైద్యానికి ఒక చట్టం చేసింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ప్రతి కేంద్రమూ దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి. ఫలించే అవకాశం ఎంత, ఖర్చెంత, దుష్ఫలితాలేమిటి, ప్రమాదాలేమిటి చెప్పాలి. వివరాలు గోప్యంగా ఉంచాలి. ఫిర్యాదులు తీసుకునే విభాగం పెట్టాలి. వైద్యం చేయించుకునే ఆడమనిషికి 50 ఏళ్ళ హద్దు, మగవాడికి 55 ఏళ్ళ హద్దు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో, డెబ్బై దాటిన మంగాయమ్మ గారు ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలను కన్నప్పుడు దేశమంతా వార్త అయింది. "ఆ వయసులో ఆమెకే నిలిచింది, నీకేం రోగం" అని మా వైపు ముప్పై ఏళ్ళ పిల్లలను అన్నవాళ్ళు ఉన్నారు. ఆమె వెంట డాక్టర్ల బృందం ఉండి చూసుకున్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఒకరి గెలుపును ఇంకొకరి మీద కర్రగా వాడడం మనకు బాగా వచ్చు.

చట్టం చెప్పిన కౌన్సెలింగ్ చాలా చోట్ల సంతకాల కాగితాలతో ముగుస్తుంది. డబ్బు కట్టే ముందు ఒక అమ్మాయి కూర్చోబెట్టి ప్యాకేజీ గురించి గంట చెబుతుంది. పద్నాలుగో రోజు రిపోర్టుకు మాత్రం అర నిమిషం కూడా ఉండదు. అండాలు ఆమెవి, ఇంజెక్షన్లు ఆమె పొట్టకు, రక్తం ఆమె చేతి నుంచి. ఫోన్ నంబరు మాత్రం మొగుడిది. ఎందుకు? రాసుకునే కౌంటరు దగ్గర ఆ నంబరే అడుగుతారు కాబట్టి. రెండో పరీక్ష ఎందుకో, ఏ నొప్పి వస్తే ఆగకూడదో తెలుగులో ఒక్క కాగితం ఇవ్వరు. లక్షలు తీసుకున్నవాళ్ళకు ఒక పేజీ తెలుగు బరువా?

"పెద్దవాళ్ళకు చెప్పకుండా ఎట్లా? డబ్బు పెట్టింది మేమే కదా" అంటారు. చెప్పవద్దని నేను అనలేదు. ముందు ఆమెకు తెలియనీయండి, ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆమెను తేల్చుకోనీయండి అంటున్నాను. డబ్బు పెట్టినవాళ్ళకు బిడ్డ మీద ఆశ ఉంటుంది, న్యాయమే. ఆమె ఒంటి మీద పట్టా రాదు.

"ఆమెకు ముందే చెడ్డ వార్త తెలిస్తే తట్టుకోలేదు, అందుకే మొగుడికి చెబుతాం" అని ఆస్పత్రివాళ్ళు అంటారు. నెల రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకున్న మనిషి, మత్తిచ్చి అండాలు తీయించుకున్న మనిషి ఒక అంకెను తట్టుకోలేదా? ఇంటిల్లిపాది మొహాల్లో ఆ అంకెను వెతుక్కోవడమే కష్టం.

"పల్లెల నుంచి వచ్చేవాళ్ళు చెప్పినా వినరు" అని కూడా అంటారు. మా బంధువుల ఇంట్లో వినలేదు నిజమే. కానీ ఆ చీటీ ఆమెకు అర్థమయ్యే భాషలో, ఆమె చేతికి ఇచ్చి ఉంటే వినే మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉండేది. దూరం సమస్య అయితే రెండో రక్త పరీక్ష దగ్గర్లోని మంచి ల్యాబులో చేయించి రిపోర్టు పంపమని ఆస్పత్రే చెప్పవచ్చు. మొదటిదీ అక్కడే చేయిస్తే ఇంకా మంచిది. రెండు కొలతలకూ తేడా రాదు, మూడు వందల కిలోమీటర్ల ప్రయాణమూ తప్పుతుంది.

కాబట్టి, ఈ వైద్యానికి పోతున్న చెల్లెళ్ళకూ, వాళ్ళను పంపుతున్న అత్తలకూ నేను చెప్పేది ఇది. ఆస్పత్రిలో పేరు రాయించే రోజే ఆమె నంబరు ఇవ్వండి, రిపోర్టు దానికే పంపమనండి. అంకె ఎంతో, మళ్ళీ ఎప్పుడు చూడాలో ఆమే అడిగి రాసుకోవాలి. స్కానింగులో గర్భం సంచిలోనే ఉందని తేలేదాకా ఒక పక్కన గట్టి నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం, రక్తం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు. పొట్ట బిగదీసినట్టు ఉబ్బినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా అంతే. ఇంట్లో ఒక్క మనిషైనా, అత్త అయినా సరే, "ఏం జరిగినా నీ తప్పు కాదు, నొప్పి వస్తే నన్ను లేపు" అని ఆమెకు ముందే చెప్పి ఉంచాలి. ఈ మాట చెప్పడానికి రూపాయి ఖర్చు లేదు. లక్షలు పెట్టిన వైద్యంలో అన్నింటికంటే ముందు కొనాల్సింది ఈ మాటే.

చక్కెర పంచాలా? పంచండి. బిడ్డ పుట్టినాక బస్తా తెచ్చి పంచండి, నేనూ వస్తాను పంచడానికి. అంతవరకు డబ్బా మూత వేసి ఉంచండి. మీ చక్కెర తిన్నవాళ్ళకు జవాబు చెప్పాల్సిన పని ఆ పిల్లకు పెట్టవద్దు.